బొట్టు బిళ్ల అతికించని మీట

మా ఇంట్లో కంప్యూటరుకు రెండో తెర వచ్చిన రోజు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అప్పటికే ఒకటి ఉంది. వెనక పెద్ద మూపురంతో టీవీ లాంటి పెట్టె. అది వెలుగుతున్నంతసేపూ గోడ మీద కరెంటు మీటరులో చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని. అనంతపురంలో ఎవరో నెట్ సెంటరు మూసేస్తున్నారని విని మా కొడుకు అలాంటి పెట్టె ఇంకొకటి చవగ్గా కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"కూచునేది నీ పెండ్లాం ఒకతి. రెండు పెట్టెలు ఎందుకురా?" అన్నాను.

"కండ్లు రెండుండాయి గదమా" అన్నాడు.

"చెవులు గూడా రెండుండాయి. నేను చెప్పేది ఒక్కదాంట్లోకైనా పోతాందా?"

వాకిట్లో కోడలు నవ్వు ఆపుకోవడం నాకు కనబడింది. పెట్టె మాత్రం లోపలికి వచ్చింది. వీధి వైపు చిన్న గదిలో, ఒకప్పుడు మా ఆయన మగ్గం ఉన్నచోట, మగ్గం కింద కాళ్లాడించే గుంత పూడ్చి బండలు పరిచిన చోట, ఒక బల్ల మీద రెండు పెట్టెలూ పక్కపక్కన కూర్చున్నాయి.

ధర్మవరంలో మాలాంటి ఇండ్లల్లో బతుకంతా పట్టుచీర చుట్టూ తిరుగుతుంది. చీర అంచులో ఒక నెమలి రావాలంటే ముందు గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుతూ నెమలిని గీయాలి. ఆ గళ్లను చూసి అట్టలకు చిల్లులు కొట్టాలి. ఆ అట్టల దండ మగ్గం పైన తిరిగితే కింద చీరలో నెమలి పడుతుంది. మా ఆయన నేతగాడు. ఆయన పోయాక మావాడు నేత వదిలి అట్టలు కొట్టే పనిలోకి దిగాడు. బొమ్మ గీయడం వాడి చేతిలో లేదు. రెండు వేల సంవత్సరం దాటాక గళ్ల కాగితం పని కంప్యూటరులోకి పోయినప్పుడు, దాన్ని మా కోడలు అందుకుంది. ఆమెది రాప్తాడు దగ్గర పల్లె. ఇంటరు చదివింది. అంతకంటే ముఖ్యం, ఆమె చేతిలో బొమ్మ ఉంది. మాకు పని ఇచ్చే చీరల సావుకారు ఏదో పాత చీర తెచ్చి పడేస్తే, అందులోని అంచును చూసి గళ్లలోకి దింపేది.

రెండో పెట్టె ఎందుకో చూపించడానికి ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కుడి పెట్టెలో చీర అంచు మొత్తం కనిపిస్తోంది. ఎడమ పెట్టెలో అదే అంచులోని ఒక చిలక ముక్కు మాత్రం, సంగటి ముద్దంత పెద్దదిగా, గళ్లుగళ్లుగా ఉంది. ఎడమ పక్క ఒక గడి నింపితే, అది చిలకలో ఎక్కడ పడిందో కుడి పక్క తెలుస్తుంది. ఒక్క పెట్టే ఉంటే పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూసుకుంటూ ఉండాలట.

"అర్థమైందా అత్తా?"

"అయింది. కరెంటు బిల్లు వచ్చినాక ఇంకా బాగా అయితాది" అన్నాను.

కానీ ఆ రోజు ఒక సంగతి నాకు నచ్చింది. ఆమె మౌసును ఎక్కువగా ముట్టుకునేది కాదు. గడి నింపడానికే దాని పని. తక్కినదంతా ఎడమ చేతి వేళ్లతో, మీటల మీదనే. కంట్రోలు అనే మీట పట్టుకుని సి కొడితే కంప్యూటరు ఆ చిలకను గుర్తు పెట్టుకుంటుంది. వి కొడితే అలాంటి చిలకే ఇంకొకటి పుడుతుంది. తప్పు పడితే జెడ్ కొట్టాలి, తప్పు జరగక ముందటికి పోతుంది. ఎస్ కొడితే చేసినదంతా దాచిపెడుతుంది. ఇంకొకటి చూసి నేను నిజంగానే నోరు తెరిచాను. ఆల్ట్ అనే మీట పట్టుకుని కింద ఉన్న పొడుగు మీట కొట్టి, ఎమ్ కొట్టి, బాణం గుర్తున్న మీటను అదిమి పెట్టింది. ఎడమ పెట్టెలో ఉన్న బొమ్మ చట్రంతో సహా నడుచుకుంటూ కుడి పెట్టెలోకి వచ్చేసింది.

"మౌసు పట్టుకునేకి ఒక తూరి, మళ్లా మీటల కాడికి వచ్చేకి ఒక తూరి, చెయ్యి ఊరికే తిరుగుతాది అత్తా. దినమంతా తిరిగితే దాంట్లోనే ఒక పూట పోతాది" అని చెప్పింది.

ఈ మాట నాకు అర్థమైనంతగా ఆ వీధిలో ఇంకెవరికీ అర్థమై ఉండదు. నా వంటగదిలో ఉప్పు, కారం, చింతపండు కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాపితే అందాలి. లేచి పోవడం దండగ. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. వెలిగించిన అగ్గిపుల్ల రెండు పొయ్యిలకు. కోడలు వేళ్ల పొదుపు చూసి, ఈమె నా ఇంటికి తగినదే అనుకున్నాను. "మా కోడలు చెయ్యి కదిలించకుండానే పని చేస్తాది" అని వీధిలో చెప్పుకున్నాను. అది పొగడ్తో తిట్టో వినేవాళ్లకు తెలిసేది కాదు.

పొద్దు వాలేదాకా సాగే పని మధ్యాహ్నం దాటిన కొంచెంసేపటికే అయిపోవడం మొదలైంది. ఆమె లేచి, ఒళ్లు విరుచుకుని, వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఆ నిలబడడం నాకు పడేది కాదు. మనిషి ఊరికే నిలబడి ఉంటే నాకు కొళాయి కట్టేయకుండా వదిలినట్టు ఉంటుంది.

"ఏమ్మే, అయిపోయిందా?"

"అయిపోయింది అత్తా."

"అట్లయితే ఈ కండెలు చుట్టు."

మగ్గాల వాళ్లకు పట్టుదారం కండెలు చుట్టి ఇవ్వడం మా ఇంట్లో ఎప్పుడూ ఉండే పని. కండెలు అయిపోతే బియ్యంలో రాళ్లు. రాళ్లు అయిపోతే నీళ్ల ట్యాంకరు కాడ బిందెలు. ఎండాకాలం వచ్చేసరికి విత్తనం కాయలు ఒలిచే పని రానే వచ్చింది. ఊరి బయట మాకు కొంచెం మెట్ట ఉంది, చెనిక్కాయ, అదే వేరుశనగ, వేస్తాం. విత్తనానికి పనికొచ్చే కాయను చేత్తోనే ఒలవాలి. లోపలి గింజ మీద ఎర్ర పొర చిట్లితే అది మొలవదు. "నీ వేళ్లు మెత్తగా ఆడతాయి" అని మూట ఆమె ముందు పెట్టాను. మా మెట్టకు కావలసినవి అయిపోయాక, ఎదురింటి వాళ్ల మూటలు కూడా కూలికి తెచ్చి పెట్టాను. ఆమె అవీ ఒలిచింది. గింజలు చూసి ఎదురింటామె మెచ్చుకుంది. ఆ మెప్పు కూడా నేనే తీసుకున్నాను.

ఆమె ఒక్కొక్క మీటతో మిగుల్చుకున్న పూటను నేను చేటతో చెరిగి ఎత్తుకుపోయానన్న మాట. అప్పట్లో అలా తోచలేదు. మిగిలింది ఇంటిది అనుకున్నాను. ఇంటిది అంటే ఎవరిది అని ఎవరూ నన్ను అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

కొన్నాళ్లకు ఆమె పని మళ్లీ నెమ్మదించింది. దీపాలు పెట్టే వేళ దాకా ఆ గదిలోనే ఉండేది. ఏం చేస్తోందో చూద్దామని నేను మాటిమాటికీ పోయేదాన్ని. నా నడుముకు ఎప్పుడూ బీగాల గుత్తి ఉంటుంది. బియ్యం గదిదీ, బీరువాదీ, నూనె డబ్బా పెట్టే అల్మారాదీ, అన్ని తాళంచెవులూ దానికే. నడిస్తే గలగలమంటుంది. నేను గడపలో నిలబడేసరికి రెండు పెట్టెల్లోనూ సావుకారు అంచే కనబడేది. అటు చిలకలు, ఇటు చిలక ముక్కు.

"ఏమప్పా, నీ పెండ్లాం పని ముందర్లాగా సాగడం లేదు" అని మావాడితో అన్నాను.

"డిజైన్లు పెద్దవి ఇస్తాండారు లేమా" అన్నాడు వాడు, అట్టల మీద నుంచి తల ఎత్తకుండా.

"పెట్టెలు రెండైనాయి. పని సగం కావల్ల. అది రెండింతలైంది."

"నువ్వు కూచోని చెయ్యిపో అయితే."

వాడి మాటకు కోపం వచ్చి, ఆ కోపం పెట్టె మీద తీర్చుకున్నాను. ఆమె కుడి పక్కకు చూస్తున్నప్పుడు పోయి ఎడమ పెట్టె కింద ఉన్న గుండీ నొక్కి ఆర్పేసేదాన్ని. చూడనప్పుడు అది వెలగడం దేనికి? ఆమె గొడవ పెట్టుకోలేదు. ఆర్పినా కంప్యూటరుకు ఆ సంగతి తెలియదట. బొమ్మ ఆ చీకట్లోనే ఉంటుందట. ఆమె ఆల్ట్ పట్టుకుని, పొడుగు మీట కొట్టి, ఎమ్ కొట్టి, బాణం అదిమి, కంటికి కనబడని బొమ్మను చీకట్లో నుంచి నడిపించుకుని వెలుగుతున్న పెట్టెలోకి తెచ్చుకునేది. చూశావా, ఒకదాంతోనే జరుగుతాది అనుకున్నాను నేను. గెలిచినట్టు అనిపించింది కూడా.

ఇంతలో విత్తనాల కాలం దగ్గర పడింది. మా సావుకారు ఏటా తొలకరికి ముందు ఇంటింటికీ వచ్చి, రాబోయే పెండ్లిళ్లకు ఏ డిజైన్లు మగ్గం ఎక్కించాలో చూసుకుని పోతాడు. ఆయన రావడానికి కొద్ది రోజుల ముందు, నేను ఎదురింటికి ఒలిచిన గింజలు కొలిచి ఇచ్చేకి పోతూ, "అన్నం ఉడికింది, గంజి వంచు" అని గదిలోకి కేక వేశాను. ఆ పూట వంట నాది. ఆమె పని మధ్యలో లేచి వచ్చింది. మనసు ఇంకా ఆ పెట్టెల్లోనే ఉందేమో, గుడ్డ జారింది. గంజి కుడి చేతి మీద పడింది. నేను తిరిగి వచ్చేసరికి మణికట్టు నుంచి వేళ్ల దాకా బొబ్బలు లేచి, ఆమె చేతిని నీళ్ల బొక్కెనలో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మొదట అన్న మాట, "అన్నం పోలేదత్తా, గంజే పోయింది."

ఆసుపత్రిలో కట్టు కట్టి, బాగయ్యేదాకా ఆ చేతికి పని చెప్పొద్దన్నారు. సావుకారు చిలకల అంచు ఇంకా సగంలో ఉంది.

"ఎడమ చేత్తో మౌసు పట్టుకుంటా. మీటలు కొట్టేకి ఒక మనిషి కావల్ల" అంది ఇంటికి వచ్చాక.

మావాడికి అట్టల పని గొంతు దాకా ఉంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాకు చెప్పు. కొడతా."

"నీకు ఇంగ్లీషు అచ్చరాలు రావు గదత్తా."

నిజమే. నేను మూడో తరగతి దాకానే బడికి పోయాను. తెలుగే తర్వాత నా అంతట నేను పొట్లం కాగితాలు చదివి చదివి నిలబెట్టుకున్నాను. అయినా తగ్గలేదు. "చిలకలకు గూడా రావు. పుడుతాండ్లా?" అన్నాను.

ఆమె నవ్వింది. లోపలికి పోయి బొట్టు బిళ్లల అట్ట తెచ్చింది. ఎడమ చేత్తో ఒక్కొక్క బిళ్లా తీసి మీటల మీద అతికించింది. కంట్రోలుకు ఎర్రది, పెద్దది. సికి పచ్చది. వికి నీలం. జెడ్‌కు నల్లది. ఎస్‌కు పసుపుది. ఆల్ట్‌కు అద్దం మెరుపులున్న పెండ్లి బిళ్ల. పండగకు కూడా వాడకుండా దాచుకున్న అట్ట అది. అన్ని బిళ్లలు దండగైపోతున్నాయే అని నాకు ముల్లు గుచ్చుకున్నట్టు అనిపించింది, కానీ ఆమె చేతి కట్టు చూసి నోరు మూసుకున్నాను.

"ఎర్రబొట్టు పట్టుకో. పచ్చబొట్టు కొట్టు."

"కొట్టినా."

"ఎర్రబొట్టు ఇడిచిపెట్టు. మళ్లా పట్టుకోని నీలం కొట్టు."

"ఇడిచిపెట్టి మళ్లా పట్టుకునేది ఎందుకు? పట్టుకోనే ఉంటా."

ఆమె నా వైపు చూసింది. "అట్లనే చేయల్ల. నాకు నేర్పినోళ్లు నెలకు గానీ చెప్పలేదు ఆ మాట."

ఆ మాటకు నాకు లోపల ఎంత పొంగిందో చెప్పలేను. ఎర్రబొట్టు మీద చిటికెన వేలు, నీలం మీద చూపుడు వేలు. కొడితే చిలక. కొడితే చిలక. మా ఆయన నెలంతా కూర్చుని నేసిన అంచు అంత, నేను కాఫీ చల్లారేలోపు పుట్టించాను. మధ్యలో చెయ్యి తొందరపడేది.

"నల్లబొట్టు అత్తా, నల్లబొట్టు. ఒక చిలక మీద ఇంకోటి ఎక్కించినావు."

"ఎక్కనీలే, పిల్లలు పెడతాయి."

ఆమె కట్టు కట్టిన చెయ్యి గుండెకు పట్టుకుని నవ్వింది. కాపురానికి వచ్చిన ఇన్నేండ్లలో మేమిద్దరం ఒకే చోట కూర్చుని అంతసేపు నవ్వింది లేదు. ఆ రోజులు బాగుండినాయి అని రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు. ఆమె చెయ్యి కాలితే గదా నాకు ఆ రోజులు దొరికింది.

పని చివరికి వచ్చిన మధ్యాహ్నం ఒకటి జరిగింది. ఎడమ పెట్టెలో ఇంకేదో చట్రం పైకి వచ్చి, చిలక గళ్లు దాని వెనక్కి పోయాయి. ఆమె ఎడమ చేత్తో మౌసును అటూ ఇటూ తిప్పుతూ దాన్ని పట్టుకోలేక అవస్థ పడుతోంది.

"దానికి ఒక మీట ఉండాది గదే" అన్నాను.

"ఏం మీట?"

"నువ్వు కొడతావే, నేను వచ్చినప్పుడంతా."

నేను అన్నీ చూస్తాను. చదువు లేనివాళ్లకు చూపే చదువు. నేను గడపలో కాలు పెట్టే వేళకు ఆమె బొటనవేలు ఆల్ట్ మీద ఉండడం, ఇంకో వేలు ఎడమ చివర, ఎదురెదురుగా రెండు బాణాలు గీసిన మీట మీద పడి లేవడం ఎన్నోసార్లు చూశాను. బొమ్మలు మార్చుకోవడానికి కాబోలు అనుకునేదాన్ని. ఆ మీటకు మాత్రం ఆమె ఏ బొట్టూ పెట్టలేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను. ఆమె "వద్దత్తా" అనేలోపల మెరుపుబొట్టు పట్టుకుని ఆ మీట కొట్టాను. ఒకటికి రెండుసార్లు కొట్టాను.

ఎడమ పెట్టెలోకి చిలకలు రాలేదు. ఇంకో బొమ్మ వచ్చింది.

మొదట అదేమిటో నాకు తెలియలేదు, ఎందుకంటే చీర మీద అలాంటిది చూసి ఎరగను. అంచు మధ్యలో ఒక ఎర్ర గీత పోతోంది, మా నేల రంగు. గీతకు పైన నాలుగేసి ఆకులతో చెనిక్కాయ చెట్లు, ఆకుల సందుల్లో చిన్న పసుపు పూలు. గీతకు కింద ఊడలు దిగి ఉన్నాయి. ఊడల చివర కాయలు. నడుము నొక్కినట్టుండే రెండు గింజల కాయలు, అక్కడక్కడ మూడు గింజలది. కొన్ని కాయలు ఒలిచి ఉన్నాయి. లోపల గింజ మీద పొర ఎక్కడా చిట్లలేదు.

"సావుకారుది కాదే ఇది" అన్నాను.

"నాది."

"ఎప్పుడు చేసినావు?"

"పని అయినంక."

"పని దీపాలు పెట్టేదాకా ఉంటాది గదా."

ఆమె కట్టు అంచున వేలాడుతున్న దారం లాగుతూ కూర్చుంది. "ముందర్లాగే ఎండపొద్దుకే అయిపోతాది అత్తా. అయిపోయిందంటే నువ్వు కాయలు ఒలిచేకి పిలుస్తావని చెప్పలేదు."

"నేను ఎన్నితూర్లు వచ్చి చూసినా చిలకలే ఉండె."

"నువ్వొచ్చేటప్పుడు బీగాలు మోగుతాయి గదా" అంది.

దెప్పుతూ అనలేదు. వాన వచ్చే ముందు గాలి తిరుగుతుంది అన్నంత మామూలుగా చెప్పింది. అదే నన్ను కొట్టింది. అన్ని మీటల్లోకీ ఆమె వేలు అతి వేగంగా పోయేది ఆ మీట మీదికే. దాన్ని ఆమెకు కంప్యూటరు బడిలో నేర్పి ఉంటారు. అంత వేగం మాత్రం నేను నేర్పాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త దగ్గు వినబడగానే నోట్లో బెల్లం ముక్క నమలకుండా మింగేదాన్ని. గొంతులో అడ్డం పడి కండ్లలో నీళ్లు వచ్చేవి. నేను మా అత్తలాంటిదాన్ని కాదని జీవితమంతా అనుకున్నాను. నాకు దగ్గు లేదు, అంతే తేడా.

"ఎవరికి చూపించేకి చేసినావు?" అని అడిగాను.

"సావుకారు వస్తాడు గదా. ఆయన ఇచ్చింది కాకుండా నాది ఒకటి మగ్గం ఎక్కల్లని." అక్కడ ఆగి, "అంచు అయింది. కొంగు కావల్ల" అంది.

"అట్లయితే చిలకలు పక్కన పెట్టు. ఇదే చేద్దాం."

"చిలకలకు మాటిచ్చినాం గదత్తా."

చిలకలు ముగించాము. ఆ రోజే ఎదురింటి వాళ్ల కాయల మూటలు రెండు ఒలవకుండానే తిరిగి ఇచ్చేశాను. "ఏమక్కా, పెద్దింటోళ్లైపోతిరా?" అని ఎదురింటామె వాకిట్లో నలుగురూ వినేలా అంది. నేను లోపలికి వచ్చేశాను. కొంగు పనికి కూర్చున్నాము. కానీ అంచు వేరు, కొంగు వేరు. అంచులో ఒక చెట్టు ఉంటే చాలు, పచ్చబొట్టు, నీలంబొట్టు కొట్టి చీర పొడవునా మొలిపించవచ్చు. కొంగుకు కొత్త బొమ్మ కావాలి. ఉన్నదాన్ని ఎన్నిసార్లైనా పుట్టించడానికి నా వేళ్లు చాలు. లేనిదాన్ని గీయడానికి ఆమె కుడి చెయ్యి కావాలి. అది కట్టులో ఉంది. ఎడమ చేత్తో ఆమె ఒక పెద్ద చెట్టు గీయబోయింది. ఊడలన్నీ వంకర పోయాయి. నల్లబొట్టు, నల్లబొట్టు, నల్లబొట్టు. గీసిందంతా వెనక్కి పోయి చివరికి తెల్ల గళ్లు మిగిలాయి. అట్లాగే రెండు మూడు మధ్యాహ్నాలు పోయాయి. ఎస్ మీద ఉన్న పసుపుబొట్టు కొట్టించే పనే ఆమె నాకు పెట్టలేదు, దాచేకి ఏమీ లేదు గనుక.

సావుకారు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, మజ్జిగ తాగి, చిలకల అంచు చూసి తల ఊపాడు. కోడలు తన బొమ్మ సంగతి ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక, "ఇంకొకటి ఉండాది, చూడన్నా" అన్నాను. కోడలు నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. వద్దని చెప్పే చూపే, అయినా అందులో ఆశ కూడా ఉంది. మెరుపుబొట్టు పట్టుకుని నేనే మీట కొట్టాను.

"చెనిక్కాయనా? పెండ్లిచీరకు చెనిక్కాయ పెడతారామ్మా?" అని నవ్వాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఒంగి, ఆ ఊడల దగ్గర వేలు పెట్టి, చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది. "కొంగు యాడ?"

"ఇంకా కాలేదన్నా" అంది కోడలు.

"అంచు ఒక్కటి పెట్టుకోని మగ్గం ఎట్ల ఎక్కించేది తల్లీ? కొంగు ఉండింటే ఈ తూరి ఒక మగ్గానికి పెట్టి చూద్దుము. చూడనోళ్లు గూడా చూసుందురు." లేచాడు. "వచ్చే ఏడు చూద్దాంలే."

ఆయన పోయాక ఆమె ఎడమ చేత్తో మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. నాకు మాత్రం "కొంగు ఉండింటే" అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. కొంగు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఎదురింటి వాళ్ల గోతాల్లోకి పోయింది. మా మెట్టకు ఒలిచిన మూటలోకి పోయింది. ఆ ఏడు తొలి వాన మురిపించి, విత్తనం వేయించి, ఆ తర్వాత మొహం చాటేసింది. మొలిచినవి మొలిచినట్టే ఎండాయి. చేలో గాలికి రాలిన ఆకులు చూసి మావాడు వాన గురించి బాధపడ్డాడు. నేను వేరే బాధ పడ్డాను, వాడికి చెప్పలేదు. పొర చిట్లకుండా ఆమె ఒలిచిన ఒక్కొక్క గింజ, ఆమె కొంగులో ఒక్కొక్క గడి.

తర్వాత నేను ఒక తెలివితక్కువ పని చేశాను. నా చప్పుడుకు ఆమె భయపడకూడదని బీగాల గుత్తి నడుము నుంచి తీసి, దేవుని పటం పక్కన మేకుకు తగిలించాను. మరుసటి రోజు ఉత్త కాళ్లతో ఆ గదిలోకి పోయి పక్కన నిలబడితే, ఆమె ఉలిక్కిపడి మౌసు కింద పడేసుకుంది. "ఎప్పుడొచ్చినావత్తా?" అంటూ ఆమె వేలు ఆ మీట కోసం తడుముకుంటోంది. చప్పుడు చేసే అత్తకంటే చప్పుడు చేయని అత్త ఇంకా భయం అని అప్పుడు తెలిసింది. గుత్తి మళ్లీ నడుముకు దోపుకున్నాను. అప్పటి నుంచి ఆ గదికి పోవాలంటే వాకిట్లో తులసికోట కాడనే ఆగి, గుత్తి చేతిలోకి తీసుకుని గట్టిగా ఆడించి, ఆ తర్వాత మెల్లగా నడిచేదాన్ని. దాచుకోవాలంటే దాచుకునేకి వ్యవధి ఉండాలి గదా.

"ఏందిమా, గంగిరెద్దు వచ్చినట్టు మోగిస్తాండావు" అన్నాడు మావాడు.

"నీ అట్టలు నువ్వు కొట్టుకోరా" అన్నాను.

ఎడమ పెట్టెను మళ్లీ ఎప్పుడూ ఆర్పలేదు. కండెలు నేనే చుట్టాను. ఆమె చెయ్యి బాగైంది, మణికట్టు మీద తెల్లటి మచ్చ మిగిలింది. మరుసటి ఏడు సావుకారు వచ్చేసరికి కొంగు కూడా అయింది. ఆయన తీసుకున్నాడు. కానీ ఈలోపల ఏదో ఊరి వాళ్లు పూల అంచులు బాగా అమ్ముకున్నారట. గిరాకీ పూల మీద ఉండాది, కింద కాయలు తీసేయమన్నాడు. ఆమె "సరే అన్నా" అని, ఆయన ముందే కాయలన్నీ తీసేసింది. కండ్ల ముందర ఎర్ర గీత కింద అంతా ఖాళీ అయింది. పసుపు పూల చీరలు బాగానే పోయాయని విన్నాను. మొదటి ఏడే కొంగు ఉండి ఉంటే కాయలతోనే మగ్గం ఎక్కేది.

ఆ ఏడే, ఒక ఎండపొద్దున, నేను చింతపండు గంప పట్టుకుని తులసికోట కాడ ఆగాను. గింజలు తీసే పని, నా కండ్లకు ఆనడం లేదు. గుత్తి ఆడించి, చెవి పెట్టి విన్నాను. మామూలుగా అయితే లోపల మీటల చప్పుడు ఒక్క క్షణం ఆగేది, ఆ తర్వాత ఒకే ఒక్క దెబ్బ వినబడేది. ఆ రోజు చప్పుడు ఆగలేదు. వినబడలేదేమోనని ఇంకోసారి ఆడించాను. అదే వరస సాగింది.

గడపలోకి పోయి నిలబడ్డాను. ఎడమ పెట్టెలో ఎర్ర గీత కింద కాయలు మళ్లీ వచ్చి ఉన్నాయి, ముందటికంటే ఎక్కువగా. ఎవరి కోసం పెడుతోందో తెలియదు. ఆమె నా వైపు తిరగలేదు, మీటా నొక్కలేదు. జెడ్ మీద నల్లబొట్టు అంచులు అరిగి ఇంకా అక్కడే ఉంది.

"ఏంది అత్తా?" అంది, చూపు పెట్టె మీద నుంచి తీయకుండా.

అయిపోయిందా, అయితే ఈ చింతపండు, అని నోటిదాకా వచ్చింది. బెల్లం ముక్కలాగా దాన్ని మింగాను. "ఏమీ లేదు" అని, గుత్తి మోగకుండా పిడికిట్లో బిగించి పట్టుకుని, గంపతో వెనక్కి వచ్చేశాను.